పదిహేడో నంబరు జంతువు

దేవానందానికి రెండు విషయాల్లో తిరుగులేదని ఆయన్నెరిగిన వాళ్ళందరూ ఒప్పుకునేవారు. చర్చి కాయిర్లో బేస్ గొంతుతో పాడటం ఒకటి, కస్టమ్స్ కోడ్లు చూడకుండా ఒప్పజెప్పడం రెండోది. మొదటిదాని మీద ఆయన భార్య ఎమిలీకి కొన్ని అనుమానాలుండేవి. రెండోదాని మీద ఎవరికీ ఏ అనుమానమూ లేదు. ఆయనకైతే అసలే లేదు.

ఎస్.డి. రోడ్డు వెనక సందులో, ఒక బేకరీ మేడ మీద, ఆయన పనిచేసే క్లియరింగ్ ఏజెన్సీ ఉండేది. విదేశాల నుంచి విమానంలో సరుకొస్తే అది బేగంపేట విమానాశ్రయం కార్గో షెడ్డు గడప దాటడానికి కస్టమ్స్ వాళ్ళకి ఒక డిక్లరేషన్ దాఖలు చేయాలి. సరుకేమిటి, ఎవరు పంపారు, ఎవరికి పంపారు అన్నీ అందులో రాయాలి. దిగుమతికి లైసెన్సు కావాల్సిన సరుకైతే ఆ లైసెన్సు నంబరు వేయాలి. అక్కర్లేకపోతే ఎందుకు అక్కర్లేదో చెప్పాలి. అదీ మాటల్లో కాదు, ఒక మినహాయింపు కోడు రూపంలో. మందుల శాంపిళ్ళకొక నంబరు, పరిశోధన సామగ్రికొక నంబరు, గుళ్ళకీ చర్చిలకీ మసీదులకీ వచ్చే కానుకలకొక నంబరు. ఆ నంబర్లన్నీ దేవానందం నాలుక మీద కాపురముండేవి. బోణీ బేరానికొచ్చిన కొత్త పార్టీ ఎదుట కళ్ళు మూసుకుని ఆయన వరసగా నంబర్లు చదువుతుంటే, కింద బేకరీ నుంచి వచ్చే ఉస్మానియా బిస్కెట్ల వాసన కూడా కాసేపు గౌరవంగా ఆగినట్టుండేది.

ఎమ్ఎమ్‌టీఎస్ రైళ్ళు కొత్తగా తిరుగుతున్న ఆ రోజుల్లోనే వాళ్ళ చర్చికి స్కాట్లండ్ నుంచి ఒక కానుక బయల్దేరింది. అక్కడెక్కడో జనం తగ్గి ఒక చర్చి మూతపడుతుంటే, కాళ్ళతో తొక్కి వాయించే వాళ్ళ పాత ఆర్గాన్‌ని ఇక్కడికి పంపేస్తామన్నారు. కాయిర్ నడిపేది ఎమిలీయే. స్కూల్లో మ్యూజిక్ టీచరు. చర్చిలో ఉన్న కీబోర్డు కరెంటు పోతే మూగబోయేది. కీర్తన నడిమధ్యలో ఎవరి శ్రుతి వాళ్ళది, ఎవరి దారి వాళ్ళది అయ్యేది. అందుకే ఆర్గాన్ సంగతి తెలిసినప్పటి నుంచీ ఎమిలీకి నేల మీద కాళ్ళు నిలవడం లేదు. వచ్చే ఆదివారం హార్వెస్ట్ ఫెస్టివల్, అంటే కోతల పండగ. ఆ రోజు కొత్త ఆర్గాన్ మీదే ఆరాధన జరుగుతుందని ఆమె సంఘం అందరి ముందూ లేచి ప్రకటించేసింది.

"కస్టమ్స్ పని మా ఆయన చూసుకుంటారు" అని కూర్చోబోతూ అంది. అనేటప్పుడు ఆమె గొంతులో పలికిన గర్వం దేవానందానికి ఆ వారమంతా చెవుల్లో మోగుతూనే ఉంది.

సోమవారం ఆఫీసుకి రాగానే డిక్లరేషన్ పని పెట్టుకున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చునేది శ్యామలమ్మ. మోండా మార్కెట్ వెనకాల పుట్టి పెరిగిన మనిషి, చేతివేళ్ళు ఎంత వేగమో మాట అంత నెమ్మది. దేవానందం వెనక చేతులు కట్టుకుని పచార్లు చేస్తూ చెబుతుంటే ఆమె కొట్టేది. అది వాళ్ళకు అలవాటైన పద్ధతి.

"సరుకు పేరు?" అని అడిగింది.

"ఓల్డ్ ఆర్గాన్. ఒకటి."

"గంతేనా సార్?"

"అంతే. ఒక మాట ఎక్కువ రాస్తే ఒక ప్రశ్న ఎక్కువ అడుగుతారు. మినహాయింపు కోడు పదిహేడు కొట్టు."

శ్యామలమ్మ వేళ్ళు ఆగాయి.

"సార్, గా కోడ్లన్నీ మారినయంట. పోయిన వారం సర్క్యులరొచ్చింది. గోడకు పెట్టిన. పదిహేడు సుత మారినట్టుంది, జెర చూస్తరా?"

దేవానందం గోడ వైపు చూడలేదు. సర్క్యులర్లంటే ఆయనకు చిన్నచూపు. "అమ్మా శ్యామలమ్మా, నువ్వు ఈ ఊళ్ళో బడికి పోతున్నప్పటి నుంచీ పదిహేడు పదిహేడే. ఢిల్లీలో ఎవరో కొత్తాయన కుర్చీలో కూర్చుంటాడు. వచ్చినందుకు గుర్తుగా అటు నంబరు ఇటూ ఇటు నంబరు అటూ మారుస్తాడు. నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తుంది. ఉరిమిన మబ్బులన్నీ కురుస్తాయా? కొట్టు."

ఆమె కొట్టింది. "ఎర్రగ ఏందో వస్తున్నది సార్. ఓకేనా అని అడుగుతున్నది."

"అడిగినప్పుడు జవాబు చెప్పడం మర్యాద. ఓకే అను."

శ్యామలమ్మ ఓకే అంది.

బుధవారం పొద్దున దేవానందం ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేమ్స్ స్ట్రీట్‌లో రైలెక్కి బేగంపేటలో దిగి, కార్గో షెడ్డుకి పెళ్ళికొడుకులా నడుచుకుంటూ వచ్చాడు. గేటు దగ్గర తుకారాం ఎదురయ్యాడు. ఏజెన్సీ సరుకంతా తన ట్రాలీ ఆటోలో చేరవేసేది అతనే. ఎప్పుడూ నవ్వుతూ ఉండే అతని మొహంలో ఆ రోజు నవ్వు లేదు, వింత చూసొచ్చిన వాలకం ఉంది.

"సార్, మన పెట్టెను ఎక్కడ పెట్టిన్రో ఎరికేనా?"

"ఎక్కడ?"

"కోడిపిల్లల పక్కన. మూగజీవాలను పెట్టే మూల ఉంటది సూడు, గాడ. పెట్టె ముంగట ఒక గిన్నెల నీళ్ళు సుత పెట్టిన్రు."

దేవానందం నవ్వాడు. తుకారాం నవ్వలేదు. అప్పుడు దేవానందం కూడా నవ్వడం ఆపి లోపలికి నడిచాడు.

నిజంగానే పెట్టె అక్కడుంది. ఎత్తుగా, బీరువా అంతుంది. పక్కనే పౌల్ట్రీ వాళ్ళ అట్టపెట్టెల్లో వందలాది కోడిపిల్లలు ఒకటే కిచకిచ. ముందు స్టీలు గిన్నె, గిన్నె నిండా నీళ్ళు. ఎవరో దయగలవాళ్ళు పెట్టెకి గాలి తగిలేట్టు పక్కనున్న బస్తాలు కూడా దూరంగా జరిపారు.

కస్టమ్స్ సూపరింటెండెంట్ బ్రహ్మచారి తన గదిలో ఫైలు ముందేసుకుని కూర్చున్నాడు. సన్నగా, బిగుతుగా, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడేసుకునే మనిషి. కోపం రాదు, తొందరా రాదు. ఆ రెండూ లేని ఆఫీసరంటే ఏజెంట్లకు హడలు.

"రండి దేవానందం గారూ. మీ జంతువు గురించే చూస్తున్నాను."

"జంతువేమిటి సార్? అది ఆర్గాన్!"

"అదే రాశారు. పాత ఆర్గాన్, ఒకటి. కోడు పదిహేడు. జంతు ప్రదర్శనశాలలకీ సర్కస్‌లకీ వచ్చే జీవాలూ, వాటికి సంబంధించినవీ. ఆర్గాన్ అంటే అవయవం కదండీ? ఏ జంతువుది? పాతది అంటున్నారు, అది ఇంకా కంగారుగా ఉంది."

దేవానందం పైకి తొణకలేదు. "పదిహేడంటే మతసంస్థల కానుకలు సార్. ఎప్పట్నుంచో అదే."

"మొన్నటి దాకా అదే. ఇప్పుడు కాదు."

"చర్చి పేరు మీదొచ్చింది కదా సార్? చర్చికి సర్కస్ జంతువెందుకు?"

"అది నేను అడగాల్సిన ప్రశ్న" అన్నాడు బ్రహ్మచారి మెల్లగా.

"పోనీ పెట్టె తెరిచి చూడండి. కళ్ళెదుట కనిపిస్తుంది."

"ఈ కోడు కింద వచ్చింది తెరవాలంటే పశువుల డాక్టరు పక్కనుండాలి. లోపల ఏముందో, దానికేం రోగముందో ఎవరికి తెలుసు?"

దేవానందం అక్కడ ఒక ఉపన్యాసమిచ్చాడు. కోడ్లు పుట్టినప్పటి సంగతులు చెప్పాడు, పాత పద్ధతిలో ఉన్న అందం చెప్పాడు, కంప్యూటర్లొచ్చి ఇంగితం పోయిందన్నాడు. బ్రహ్మచారి అంతా విన్నాడు. చివర్లో కళ్ళజోడు తీసి తుడుచుకుని, "డాక్టర్ని తీసుకురండి" అన్నాడు.

ఇక డాక్టరు వేట షురూ అయింది. విమానాశ్రయం కేసులు చూసే డాక్టరు సెలవులో ఉన్నాడు; ఆయన బదులు బాధ్యత చూస్తున్నది భద్రయ్య అనే ఆయన. దేవానందం తుకారాం ట్రాలీ ఆటో ఎక్కి, ఊరి అవతలి పశువుల ఆసుపత్రికి వెళ్ళేసరికి భద్రయ్య పనిలో ఉన్నాడు. ఆయన కుడిచెయ్యి భుజం దాకా ఒక బర్రె కడుపులో ఉంది. ఆ స్థితిలోనే మాట్లాడాడు.

"ఏం జంతువయ్యా?"

"జంతువు కాదండీ."

"మరి నేనెందుకు?"

"జంతువు కాదని చెప్పడానికండీ."

భద్రయ్య చెయ్యి కదలడం ఆగింది. బర్రె కూడా మెడ తిప్పి చూసింది. "గిట్లాంటి కేసు నా సర్వీసుల రాలే" అన్నాడు ఆయన, కాస్త సంతోషంగానే. "ఉన్న జంతువును సూడనీకె అందరు పిలుస్తరు. లేని జంతువును సూడనీకె నువ్వే పిలిచినవ్. వస్తా. శుక్రారం పొద్దుగాల వస్తా."

గురువారం భోజనాల దగ్గర ఎమిలీ పప్పు వడ్డిస్తూ అడిగింది. "ఆర్గాన్ ఎప్పుడొస్తుందండీ? రేపు ప్రాక్టీసుకి అందరూ వస్తామంటున్నారు."

"వచ్చేస్తుంది. కొన్ని ఫార్మాలిటీస్ ఉన్నాయి."

"ఏం ఫార్మాలిటీస్?"

"నీకు చెప్పినా అర్థం కావులే. టెక్నికల్."

ఎమిలీ గరిటెని గిన్నెలో కొంచెం గట్టిగా పెట్టింది. దేవానందం ఆ పూట పప్పులో ఉప్పు తక్కువైందని కూడా అనలేకపోయాడు.

శుక్రవారం భద్రయ్య అన్నమాట ప్రకారం వచ్చాడు. తెల్లకోటు, మోచేతులు దాటిన రబ్బరు తొడుగులు, మెళ్ళో స్టెతస్కోపు. బ్రహ్మచారి ఫైలుతో వచ్చి నిలబడ్డాడు. తుకారాం గునపం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. సరిగ్గా అప్పుడే గేటు వైపు నుంచి ఏదో గలాటా వినిపించింది.

తలమీద పచ్చగడ్డి మోపుతో రోసమ్మ వస్తోంది. వాళ్ళ చర్చి మనిషే; కాప్రా చెరువు దగ్గర నాలుగు బర్రెలు పెట్టుకుని పాలమ్ముకునే పెద్దావిడ. ఆమె వెనకాల, స్కూలు చీరలోనే, హ్యాండ్‌బ్యాగు చంకన పెట్టుకుని ఎమిలీ.

రోసమ్మ మోపు ధడేల్‌మని పెట్టె ముందు దించి, చెంగుతో మొహం తుడుచుకుంది. "ఏం మనుషులయ్యా మీరు! మూగజీవిని ఉత్త నీళ్ళ మీద పెడతరా? తుకారాం చెప్పిండు గాబట్టి సరిపాయె. చర్చికొచ్చిన జంతువు ఆకలితోని సస్తే మనకు పాపం కాదా?"

దేవానందం తుకారాం వంక చూశాడు. తుకారాం గునపం వంక చూసుకున్నాడు. "ఎమిలీ అమ్మ ఆఫీసుకు ఫోన్ జేసింది సార్. మీరు లేకుంటిరి. జంతువు కత ఇంక తేలలే అన్న. రోసమ్మ పక్కనే ఉన్నట్టుంది."

ఎమిలీ భర్త దగ్గరికొచ్చి చిన్నగొంతుతో అంది. "సంఘంలో సగంమంది మనకు ఒంటె వస్తోందనుకుంటున్నారు. మిగతా సగం ఏనుగంటున్నారు. టెక్నికల్ అన్నారే, ఇదేనా?"

ఈలోగా భద్రయ్య "కానీయ్" అన్నాడు. తుకారాం మేకులు ఊడబెరికాడు. చెక్క మూత కిర్రుమని ఊడింది. లోపలి నుంచి ఎండుగడ్డి, పాత ఉన్ని దుప్పట్ల వాసన వచ్చింది. దుప్పటి తొలగించగానే ముదురు గోధుమరంగు చెక్కతో, దంతపు రంగు మెట్లతో, అడుగున తివాచీ అరిగిన రెండు పెడల్స్‌తో ఆర్గాన్ కనబడింది. ఎమిలీ చెయ్యి అప్రయత్నంగా నోటి మీదికెళ్ళింది.

భద్రయ్య మాత్రం తన పని తాను చేశాడు. చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని చెక్కకి ఆనించాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. ఏం చేయాలో తోచక తుకారాం ఒక పెడల్ మీద కాలేశాడు. లోపల తిత్తి నెమ్మదిగా ఉబ్బి బరువుగా ఒక నిట్టూర్పు విడిచింది.

భద్రయ్య ఒక అడుగు వెనక్కేశాడు. "ఊపిరున్నది!"

"అది గాలితిత్తి డాక్టర్ గారూ" అంది ఎమిలీ. "తుకారాం, బూటు తియ్యి. తొక్కకు." ఖాళీ డబ్బా ఒకటి లాక్కుని దాని మీద కూర్చుంది. పెడల్స్ మీద కాళ్ళు పెట్టి, మెట్ల మీద వేళ్ళు పెట్టి, ఒక్క క్షణం ఆగి, హార్వెస్ట్ పాట ఒకటి అందుకుంది. ఆ షెడ్డు రేకుల కింద అలాంటి శబ్దం ఎన్నడూ వినబడి ఉండదు. బస్తాలు మోస్తున్న హమాలీలు ఎక్కడివాళ్ళక్కడే నిలబడ్డారు. బ్రహ్మచారి కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. కోడిపిల్లలు మాత్రం పోటీకొచ్చినట్టు రెట్టింపు గోల చేశాయి.

"ఒక రీడ్ పలకడం లేదు" అంది ఎమిలీ ఆపి. "మిగతావన్నీ బంగారం."

రోసమ్మ గడ్డిమోపు వంకా ఆర్గాన్ వంకా మార్చి మార్చి చూసింది. "గిది తినదా?" అని మెల్లగా అడిగింది.

భద్రయ్య సర్టిఫికెట్ రాశాడు. 'పరీక్షించితిని. జీవము లేదు. ఊపిరి మాత్రము కలదు.' బ్రహ్మచారి చదివి, మూడో వాక్యం కొట్టేయమన్నాడు. భద్రయ్యకు మనసొప్పలేదు గానీ కొట్టేశాడు.

దేవానందం గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "అయితే సార్, మరి తీసుకెళ్ళమంటారా?"

"ఎలా తీసుకెళ్తారు? ఇప్పుడే కదా అసలు చిక్కొచ్చింది" అన్నాడు బ్రహ్మచారి. "మీ డిక్లరేషన్ ప్రకారం జంతువుకు సంబంధించినదేదో రావాలి. డాక్టరు గారు లేదంటున్నారు. మరది ఏమైంది? దారిలో చచ్చిపోయిందా? తప్పించుకుందా? పక్కనే రన్‌వే ఉంది."

"తప్పిచ్చుకున్నదా!" అంటూ రోసమ్మ వంగి ట్రాలీల కింద వెతకడం మొదలుపెట్టింది.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో దేవానందానికి ఆ క్షణాన తెలిసొచ్చింది. "సార్, అసలు జంతువే లేదు!"

"అది కాగితం మీద చెప్పండి. ఎందుకు అలా పడిందో రాసివ్వండి."

బ్రహ్మచారి గదిలో బల్ల చివర కూర్చుని దేవానందం రాయడం మొదలుపెట్టాడు. ఎన్నో ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాడు గానీ సవరణ కోరుతూ ఆయన చేత్తో ఒక్క కాగితం రాసింది లేదు. అది ఆయన చెప్పుకునే గొప్పల్లో ఒకటి. ఎమిలీ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది, ఆమె వెనక నుంచి తుకారాం కూడా.

మొదట ఇలా రాశాడు: 'కోడ్ల మార్పు వలన సర్వత్రా నెలకొన్న గందరగోళము దృష్ట్యా...'

బ్రహ్మచారి చదివి వెనక్కి తోశాడు. "నాకేం గందరగోళం లేదే."

రెండోసారి: 'నూతన విధానములోని అస్పష్టత కారణముగా ఒక అపోహ సంభవించినది.'

"సంభవించినది అంటే? దానంతటదే వచ్చిందా? తుఫానులాగా?"

మూడోసారి దేవానందానికి ఒక దారి తోచింది. ఆ వ్యాపారంలో అందరూ రాసేదే. 'కంప్యూటర్ ఆపరేటరు టైపింగు పొరపాటు వలన' అని రాశాడు. కలం చకచకా నడిచింది. ఇది పనికొస్తుందని ఆయనకు తెలుసు.

బ్రహ్మచారి ఈసారి చదివి తలూపాడు. "ఇది సరిపోతుంది. ఆపరేటరు పేరు కింద రాయండి. పిలిపించి వాంగ్మూలం తీసుకుంటాం. విచారణ అయ్యేదాకా ఈ పని చేయకుండా ఆమె కస్టమ్స్ పాస్ ఆపేస్తాం, అంతే."

దేవానందం కలం గాల్లో ఆగింది. గోడకు పెట్టిన, జెర చూస్తరా అని శ్యామలమ్మ అడిగిన మాట చెవిలో మోగింది. తాను పచార్లు చేస్తూ చెప్పిన మబ్బుల సామెత కూడా గుర్తొచ్చింది. తల ఎత్తకుండానే ఆ కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకో కాగితమిస్తారా సార్?"

ఈసారి ఎక్కువ రాయలేదు. 'కోడ్లు మారిన సంగతి మా ఆపరేటరు నాకు చెప్పింది. నేను వినలేదు. పాత నంబరు వేయమన్నది నేను. జంతువేదీ లేదు. తప్పు నాదే.' కింద సంతకం చేశాడు. కాగితాన్ని ముందుకు తోసేసి వెనక్కి వాలగానే, బిగుతు చెప్పులు విడిచినంత హాయిగా అనిపించింది. అది ఆయనకే ఆశ్చర్యమైంది.

బ్రహ్మచారి చదివాడు. ఇంకోసారి చదివాడు. ఎర్రసిరా కలం తీసి కింద సంతకం పెట్టాడు. "అసిస్టెంట్ కమిషనర్ గారు ఊళ్ళో లేరు. ఇన్‌ఛార్జిని నేనే. ఏజెంటు తన తప్పని ఒప్పుకుంటే సవరణకి అనుమతి నేనే ఇవ్వొచ్చు. రేపు కొత్త కోడు వేసి తీసుకెళ్ళండి."

"ఈ మాట బుధవారమే చెప్పి ఉండొచ్చు కదా సార్?"

"బుధవారం మీరు నాకు కోడ్లు నేర్పుతున్నారు కదండీ" అన్నాడు బ్రహ్మచారి, అదే మెల్లని గొంతుతో.

శనివారం పొద్దున్నే దేవానందం ఆఫీసుకొచ్చి, పచార్లు చేయకుండా తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళాడు. కళ్ళజోడు పెట్టుకుని, సర్క్యులర్ మీద వేలు పెట్టి ఒక్కో వరసా చదువుకుంటూ వచ్చాడు. శ్యామలమ్మ కుర్చీలో కూర్చుని కంప్యూటర్ మీద దుమ్ము లేనిచోట కూడా తుడుస్తోంది.

"నువ్వు చెప్పావు శ్యామలమ్మా. నేను వినలేదు. నిన్న అదే రాసిచ్చొచ్చాను."

"తుకారాం చెప్పిండు సార్." ఆమె గుడ్డ పక్కన పెట్టింది. "మొదలు నా పేరు రాసిన్రంట గదా?"

దేవానందం ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. "పేరు రాయలేదు. ఆపరేటరు అని రాశాను. చింపేశాను."

శ్యామలమ్మ కాసేపు కీబోర్డు వంక చూసింది. "చింపిన్రు గదా, సాలు. నంబరు చెప్పున్రి. సరుకు పేరు సుత ఈపారి పూర్తిగ చెప్పున్రి."

"కాళ్ళతో తొక్కి చేతులతో వాయించే పాత సంగీత వాద్యం" అన్నాడు దేవానందం బుద్ధిగా. "కోడు నలభై రెండు. ఆగు, ఆగు. ఇంకోసారి చూస్తాను. ఆ, నలభై రెండే."

ఆదివారం చర్చి ముంగిలి నిండా గుమ్మడికాయలు, అరటిగెలలు, బియ్యం సంచులు, గంపల్లో కోళ్ళు. ఒంటె చూద్దామని వచ్చినవాళ్ళు కొందరు ఆర్గాన్‌ని చూసి కొంచెం నిరాశపడ్డ మాట నిజం. రోసమ్మ ముందు వరసలో కూర్చుని, దాని ప్రాణం కాపాడింది తానే అన్నట్టు అందరికీ చూపిస్తోంది. ఆరాధన ఇంకా మొదలవలేదు, గుమ్మంలో భద్రయ్య ప్రత్యక్షమయ్యాడు. తెల్లకోటు లేదు, చేతిలో తోలు సంచి మాత్రం ఉంది.

"మొన్న ఒకటి పలకలే అన్నరు గదా. నిద్ర పట్టలే నాకు" అన్నాడు ఎమిలీతో. వెనకపలక తీయించి, మోకాళ్ళ మీద కూర్చుని, దూడల ముక్కుల్లోంచి జలగలు తీసే పొడుగాటి పట్టకారు లోపలికి పోనిచ్చాడు. నాలుక కొరుక్కుంటూ కొంతసేపు వెతికి, చివరికి చిటికెన వేలంత గడ్డిపోచ ఒకటి బయటికి లాగాడు. ఎమిలీ ఆ మెట్టు నొక్కింది. మిగతావాటికన్నా అదే బాగా పలికింది. భద్రయ్య ఆరాధన అయ్యేదాకా వెనక బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఏ పాటా రాకపోయినా ప్రతి పాటకీ లేచి నిలబడ్డాడు.

దేవానందం కాయిర్లో చివరి వరసలో నిలబడి బేస్ పాడాడు. ఎమిలీ వీపు ఆయనకు కనిపిస్తోంది; పెడల్ తొక్కుతున్నప్పుడల్లా ఆమె భుజాలు చిన్నగా లేచి పడుతున్నాయి. రెండుచోట్ల ఆయన గొంతు జారింది. ఎవరూ గమనించలేదు, ఎమిలీ తప్ప.

కానుకలుగా వచ్చిన కాయలూ కోళ్ళూ వేలంపాటలో అమ్ముడయ్యాక ఇద్దరూ ఇంటికి నడిచి వెళ్ళారు. దేవానందం చేతిలో వేలంలో దక్కిన గుమ్మడికాయ ఉంది. క్లాక్ టవర్ దాటాక ఎమిలీ అంది.

"తప్పు నాదే అని భలే రాశారండీ. అక్షరాలు కూడా ముత్యాల్లా ఉన్నాయి."

"ఏదో రాశాను."

"నాకూ ఒకటి రాసిస్తారా?"

"నీకెందుకు? నీ దగ్గర నేనేం తప్పు చేశాను?"

"గురువారం నాడు టెక్నికల్ అన్నారు కదా, నీకు అర్థం కాదన్నారు కదా. దాని గురించి."

దేవానందం గుమ్మడికాయని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆనాటి పరిస్థితుల దృష్ట్యా..." అని మొదలుపెట్టాడు.

ఎమిలీ నడిరోడ్డు మీద ఆగి నవ్వింది. ఎంత నవ్విందంటే అటుగా పోతున్న ఆటో అతను తననే పిలిచారనుకుని ఆపాడు. ఆ ఆటోలోనే ఎక్కారు. దేవానందం దారంతా ఆలోచిస్తూనే ఉన్నాడు. ఇంటి సందు మలుపు దాకా వచ్చాక, "సరే, నాదే" అన్నాడు.